కన్ను తెరవని జింక

హిందూపురంలో మా ఇంటి వెనక గదిలో చాలా ఏళ్ళు అద్దెకున్న చౌడప్పను నేను ముందు గొంతుతోనే ఎరుగుదును. మనిషి సన్నం, గొంతు లావు. ధర్మవరం పక్క పల్లెలో తోలుబొమ్మలాట ఆడే ఇంట్లో పుట్టాడు. ఆయన రావణుడి పద్యం ఎత్తుకుంటే తెర వెనక దీపం వణికేదని వాళ్ళ ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. దీపం గాలికి కూడా వణుకుతుంది, అది వేరే సంగతి. కానీ మా పెరట్లో రంగులు కలుపుకుంటూ ఆయన కూనిరాగం తీస్తే మా అమ్మ పెనం మీద రొట్టె మరిచిపోయేది. మాడిన రొట్టెలు తిన్నది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

పందొమ్మిది వందల ముప్పైల్లో వానలు మొహం చాటేశాయి. తిండికే లేని పల్లెలు బొమ్మలాట ఏం పెట్టించుకుంటాయి? మిగిలిన నాలుగు ఊళ్ళనూ టెంటు సినిమా ఎగరేసుకుపోయింది. చౌడప్ప బొమ్మల పెట్టెను అటక మీద పెట్టి, పెళ్ళాం హనుమంతమ్మనూ కొడుకు వెంకటరాముణ్ణీ వెంటబెట్టుకుని హిందూపురం వచ్చాడు. ఎద్దులబండ్లకు రంగులేశాడు, అంగళ్ళకు బోర్డులు రాశాడు. నేను బెల్లం మండీలో గుమాస్తాను. మా మండీ గోడ మీద ఆయన వేసిన చెరుకుగడను చూసి ఒక పిచ్చి ఆవు రోజూ వచ్చి నాకేది.

ఆయన ఇంటి పద్ధతి ఒకటి ముందే చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు పిచ్చితనంగా కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది లెండి.

తోలుబొమ్మకు కన్ను చివరన వేస్తారు. మేకతోలు పలుచగా గీకి, ఆరబెట్టి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు పూసినంతవరకూ అది ఉత్త తోలు. కాలు తగిలినా దండం పెట్టుకోనక్కరలేదు. తర్వాత ఒక మంచిరోజు చూసి, టెంకాయ కొట్టి, సన్న కుంచెతో కన్ను గీస్తారు. చెవి వైపు లావుగా మొదలుపెట్టి ముక్కు వైపుకు సన్నగా లాగాలి. మధ్యలో ఊపిరి వదలకూడదు. ఆ సమయంలో బొమ్మ ఎదుట మనిషి నిలబడడు, అద్దం పెడతారు. దాని మొదటి చూపు దాని మొహం మీదే పడాలట. దీన్ని కన్ను తెరవడం అంటారు. కన్ను తెరిచిన బొమ్మ తెర ఎక్కుతుంది. తెరవని బొమ్మ పెట్టెలోనే ఉండిపోతుంది. ఆడి ఆడి చినిగిపోయిన బొమ్మను పారేయరు, ఏటికి తీసుకుపోయి మనిషిని సాగనంపినట్టు నీళ్ళలో వదులుతారు.

ఇంకొక మాట. కన్ను కుడిచేత్తోనే తెరవాలి. వెంకటరాముడిది ఎడమచేతి వాటం.

ఆ పిల్లవాడు తోలు కోస్తే తండ్రి కంటే నాజూకుగా కోసేవాడు. రంగులు వేసేవాడు, చిల్లులు కొట్టేవాడు. కన్ను దగ్గరికి వచ్చేసరికి కుంచె తండ్రి చేతికి పోవలసిందే. “ఒక్కసారి, ఒక్క బొమ్మకు నాయనా” అని అడుగుతూనే ఉండేవాడు. “నీ చేత్తో తెరిస్తే అది ఎడం చూపు చూస్తాది. మన ఇంట్లో వద్దు” అనేవాడు చౌడప్ప. కోపంగా కాదు, ఈ రోజు వాన రాదని చెప్పినట్టు చెప్పేవాడు. వినీ వినీ విసిగి, పెద్దయ్యాక వెంకటరాముడు కుంచె పక్కనపెట్టి మడకశిర బస్సులో క్లీనరుగా చేరాడు. బస్సుకు చేతివాటంతో పనిలేదు కదా. స్టీరింగు అందరికీ గుండ్రంగానే ఉంటుంది.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఎవరి యుద్ధమో, ఎందుకో, పరిగిలో చెరుకు నరికేవాడికి తెలియదు, అమరాపురంలో రాగులు విసిరే ఆమెకూ తెలియదు. కానీ బండి తోలడం వచ్చిన ప్రతివాడి ఇంటికీ మిలిటరీవాళ్ళు అల్లుణ్ణి వెతికినట్టు వచ్చారు. క్లీనరుగా ఉంటూనే తోలడం నేర్చుకున్న వెంకటరాముడు సంతకం పెట్టేసి వచ్చి చెప్పాడు. హనుమంతమ్మ ఏడ్చింది. చౌడప్ప రంగు కలుపుతూ, “బట్టలు వాళ్ళే ఇస్తారా?” అని మాత్రం అడిగాడు.

వెంకటరాముడు చేరిన మిలిటరీ లారీల కంపెనీని పెనుకొండ కొండ కింద మైదానంలో దించారు. కొత్త లారీలు, కొత్త డ్రైవర్లు. లారీల మీద రాతలూ గుర్తులూ వేయడానికి మనిషి కావాలంటే, మా నాయన ఉన్నాడని వాడే చెప్పాడు. అలా చౌడప్ప సర్కారు పెయింటరయ్యాడు. వారమంతా పెనుకొండలో, ఆదివారం హిందూపురంలో.

లారీకి అంత అలంకారం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆదివారం వచ్చి ఆయన చెబుతుంటే పెళ్ళికూతురి సంగతులు విన్నట్టు విన్నాం. మూతి మీద పొడుగు నంబరు. దాని పక్కన పసుపు వలయంలో ఇంకో అంకె, అది బండి బరువు, వంతెన కాడ కావలివాడు చూసుకోవడానికి. వెనక ఇరుసు మీద తెల్ల రంగు, వెనక వచ్చే బండికి చీకట్లో దారి కనిపించడానికి. అన్నిటికంటే ముఖ్యం డ్రైవరు తలుపు మీద కంపెనీ గుర్తు. ఎర్ర చదరంలో దుముకుతున్న తెల్ల జింక.

కెప్టెను కాగితం మీద గీసి ఇచ్చిన ఆ జింకను చూసి చౌడప్ప, “సామీ, ఇది జింకనా, మేకనా?” అని సుబేదారును అడిగాడట. సుబేదారు మీసాల్లోపల నవ్వుకుని, నీకు వచ్చినట్టు వేయమన్నాడు. అలా అనడం తప్పయింది. చౌడప్పకు వచ్చినట్టు అంటే తోలుబొమ్మ జింక. ఒళ్ళంతా చుక్కలు, మెడలో మువ్వలు, కాలికి అందె. సీతమ్మ చూస్తే మళ్ళీ పట్టి తెమ్మనేటంత ముద్దుగా ఉంది. కెప్టెను చూసి, యుద్ధానికి పోతున్నామా, ఊరేగింపుకా అని కేకలేశాడు. మువ్వలు, అందె చెరిపించారు. చుక్కలు మాత్రం ఎండలో మచ్చల్లా ఉండి శత్రువుకు కనబడవని సుబేదారు ఏదో చెప్పి కాపాడాడు.

తలుపు బయటివైపు కెప్టెనుది, లోపలివైపు డ్రైవర్లది. అక్కడ ఎవరి దేవుణ్ణి వాళ్ళు రాయించుకున్నారు. ఒకడు చౌడేశ్వరి అన్నాడు, ఒకడు కదిరి నరసింహుడన్నాడు, ఇంకొకడు పెనుకొండ బాబయ్య దర్గా గుమ్మటం వేయమన్నాడు. వెంకటరాముడి జతగాడు ఏసుదాసు చిన్న సిలువ చాలన్నాడు. చౌడప్ప అందరికీ వేశాడు. తన కొడుకు తలుపు లోపల మాత్రం ఏమీ వేయలేదు. వాడు అడగలేదు.

జింకల కళ్ళు ఆయన ఆఖరి రోజుకు అట్టిపెట్టాడు. మైదానంలో గుడ్డి జింకలు వరసగా నిలబడి ఉంటే కెప్టెను ఇదేమిటని అడిగాడట. కంటి రంగు వేరే, ఆలస్యంగా ఆరుతుంది దొరా అని సుబేదారు సర్దేశాడు. డ్రైవర్లు మటుకు ఈ పద్ధతి బాగుందనుకున్నారు. చావుకు ఎదురుపోయేవాళ్ళకు ఏ దండమైనా పనికొస్తుంది.

కంపెనీ కదలాలని ఆర్డరు వచ్చిన ఉదయం నేనక్కడే ఉన్నాను. క్యాంపుకు మా మండీ బెల్లం వెళ్ళేది, తూకం చూపించడానికి నన్ను పంపారు. చౌడప్ప స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఒక చేత్తో రంగు చిప్ప, ఒక చేత్తో సన్న కుంచె పట్టుకుని వరస మొదట నిలబడ్డాడు. వెంకటరాముడు అద్దం పట్టుకున్నాడు. ఒక లారీ దగ్గర ఆగడం, అద్దం ఎదురుగా పెట్టడం, ఊపిరి బిగబట్టి కన్ను లాగడం, పక్క లారీకి జరగడం. కన్ను పడగానే జింక నిజంగానే ఎటో చూసేది. నేను దేవుణ్ణి కూడా సగమే నమ్మే మనిషిని. అయినా ఆ మాట అబద్ధం చెప్పను.

వెంకటరాముడి లారీ వరసలో చివరిది. అక్కడికి రాకముందే విజిలు మోగింది. డ్రైవర్లందరినీ పిలిచి లెక్క చూసుకుంటున్నారు. వాడు అద్దం తండ్రికిచ్చి పరుగెత్తాడు. చౌడప్ప అద్దాన్ని బోనెట్టుకు ఆనించి కొడుకు జింక ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. కుంచెకు రంగు ఉంది. చెయ్యి లేవలేదు. నేను దూరం నుంచి చూసి, కొడుకు బండి కదా, మంత్రం ఎక్కువ చదువుతున్నాడేమో అనుకున్నాను.

వెంకటరాముడు తిరిగొచ్చి తలుపు చూశాడు. జింకను చూశాడు, తండ్రిని చూశాడు. చౌడప్ప తల వంచుకుని చిప్ప కడుగుతున్నాడు. వాడు వంగి తండ్రి కాళ్ళకు దండం పెట్టుకున్నాడు. కుంచెల డబ్బా అక్కడే కాళ్ళ దగ్గరే ఉంది. లేచేటప్పటికి వాడి మొహమంతా నవ్వు. యుద్ధానికి పోతూ ఇంత నవ్వేమిటి, పిచ్చి సన్నాసి, అనుకున్నాను.

“పోయొస్తా నాయనా.”

“ఊ.”

లారీ మొదటి తిప్పుకే స్టార్టయ్యింది. అప్పుడు చౌడప్ప తలెత్తాడు. ఆ మొహంలో బెదురు చూశాను. పెద్దగా అరవబోయినట్టు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏమీ రాలేదు. లారీలు గుత్తి రోడ్డు పట్టాయి. దుమ్ము అణిగాక ఆయన సామాను సర్దుకుంటూ, “సన్న కుంచె యాడ పడిపాయెనో” అన్నాడు. ఇద్దరం గడ్డిలో వెతికాం. దొరకలేదు.

ఆ రోజు నుంచి కూనిరాగం లేదు. మా అమ్మ రొట్టెలు మాడడం మానేశాయి.

మరుసటి వానాకాలంలో తంతి వచ్చింది. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే కాబట్టి నేనే చదివాను. బర్మా వైపు ఎక్కడో ఒక నది దగ్గర వెంకటరాముడు కనిపించడం లేదట. చనిపోయాడని కాదు, ఉన్నాడనీ కాదు. మనిషేమైనా పోగొట్టుకున్న గొడుగా, కనిపించడం లేదని చెప్పి ఊరుకోవడానికి? నాకు ఒళ్ళు మండిపోయింది. హనుమంతమ్మ గుమ్మంలో కూలబడి నేల కొట్టుకుంది. చౌడప్ప ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, మడిచి, చూరులో పెట్టి, సగం రాసిన బోర్డు దగ్గరికి వెళ్ళి మిగతా సగం రాశాడు. అక్షరం వంకర పోలేదు.

తర్వాత ఏళ్ళు అలాగే గడిచాయి. ఆయన తినేవాడు, పడుకునేవాడు, పనికి పోయేవాడు. ఒకసారి హనుమంతమ్మ పప్పులో ఉప్పు మరిచిపోతే గిన్నె ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాడు. “ఉప్పు లేదని చెప్పకూడదా” అని ఆమె అడిగితే, “లేదా?” అన్నాడు. ఎండలో నిలబడితే నీడకు రమ్మని ఎవరో ఒకరు చెప్పాలి. దుఃఖంతో ఉన్న మనిషిని ఓదార్చవచ్చు. ఈయన దగ్గర ఓదార్చడానికి ఏమీ కనిపించేది కాదు.

హనుమంతమ్మకు దుఃఖం ఎదురుగానే ఉండేది, కాబట్టి ఆమెకు ఏం కావాలో స్పష్టంగా తెలుసు. కొడుక్కి కర్మ చేయాలి. “వాడు తిరిగి రాడని నా కడుపుకు తెలుసయ్యా. ఆకలితో తిరుగుతాంటాడు. ఇంత పిండం పెట్టు” అని ప్రతి అమావాస్యకూ అడిగేది. ఆయన అవుననడు, కాదనడు. ఒక అమావాస్యనాడు ఆమె సహనం తెగింది. “చినిగిపోయిన బొమ్మనైనా ఏట్లో సాగనంపుతావే! కన్నకొడుకు తోలుముక్క పాటి చేయడా?” అని వీధంతా వినేటట్టు అరిచింది. చౌడప్ప చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. మా అమ్మ ఆయన్ను రాయి అంది. నేనూ అదే అనుకున్నాను.

ఆయన పనిలో ఒక మార్పు వచ్చింది. దాన్ని నేను ఆలస్యంగా గమనించాను. ఆయన అక్షరాలే రాస్తున్నాడు, బొమ్మలు వేయడం లేదు. వేసినా చెరుకు, గుమ్మడికాయ, గడియారం. కన్నున్నది ఏదీ ముట్టడు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి కుళ్ళాయప్ప మాకు ఎరిగినవాడు. అంగడి మీద నెమలి బోర్డు కావాలంటే నేనే చౌడప్పను రైల్లో తీసుకుపోయాను. నెమలి వేశాడు. పింఛం చూస్తే మగ్గం మీది పట్టు వెలవెలబోవాలి, అలా ఉంది. తల మాత్రం లేదు. రెక్క కింద దూర్చేసుకుంది.

కుళ్ళాయప్ప బోర్డు కింద నిలబడి కాసేపు చూశాడు. “ఏమప్పా, నా నెమలికి సిగ్గా, జ్వరమా? అంగడికి వచ్చేవాళ్ళ మొహం చూడనంటాందే!”

“నిద్దరపోతాంది” అన్నాడు చౌడప్ప.

“అంగడి ముందర నిద్దరపోయే నెమలా? బోణీ అయినట్లే!”

తిరుగురైల్లో నేను ఊరుకోలేదు. పనిపోగొట్టుకునే పని ఎందుకు చేశావన్నా అని నిలదీశాను. పట్టపగలు, కిటికీలోంచి ఎండిన చేలు కనిపిస్తున్నాయి. ఆయన వాటిని చూస్తూనే చెప్పాడు.

“వాని బండికి నేను కన్ను తెరవలేదు, కేశవులూ.”

నాకు ముందు అర్థం కాలేదు.

“తెరవని బొమ్మ తెర ఎక్కదు గదా. పెట్టెలోనే ఉండిపోతాది గదా. వాని బండి ఒక్కటి ఆడనే నిలబడిపోతాదనుకుంటి. ఇంజను కదలదనో, ఆ దొర చూసి ఈ బండి వద్దంటాడనో. ఏదో ఒకటి అయితాదని ఉంటి. అది మొదటి తిప్పుకే లేచె. గుడ్డిదాంట్లో ఎక్కించి పంపిస్తి నా కొడుకును.”

నేను బుద్ధిమంతుణ్ణి కదా, బుద్ధి చెప్పబోయాను. “కన్ను తెరిచిన బండ్లు ఎన్ని పోలేదన్నా? బాంబుకు కన్నుతో ఏం పని?”

“వాటి సంగతి నాకు తెలీదు. దీని సంగతి తెలుసు.” ఆయన కిటికీ వైపే తిరిగి ఉన్నాడు. “దారి కనపడక యాడ తిరుగుతాండాడో. పిండం పెట్టమంటాది అది. ఏ మొహం పెట్టుకుని పెట్టాల? నేనే చంపినా, ఇంద తిను అని పెట్టాల్నా?”

హిందూపురం వచ్చింది, దిగాం. హనుమంతమ్మకు చెప్పొద్దని ఆయన అనలేదు. నేనే చెప్పలేదు. చెబితే ఆమె ఆయనతో ఉంటుందో ఉండదో అని భయమేసింది.

యుద్ధం అయిపోయింది. గెలిచామన్నారు. ఊళ్ళో మిఠాయి పంచారు, మా చౌడప్ప చేతిలోనూ ఎవరో ఒక లడ్డు పెట్టారు, తిన్నాడు. మిలిటరీవాళ్ళు పాత లారీలను వేలం వేయడం మొదలుపెట్టారు. మా మండీ యజమాని పరిగి గంగాధరప్ప తనకూ ఒక లారీ కావాలన్నాడు. అప్పుడే మిలిటరీ నుంచి విడుదలై వచ్చిన ఏసుదాసు ఆయన దగ్గర పనికి కుదిరాడు. తమ కంపెనీ బండ్లు బెంగుళూరు వేలానికి వచ్చాయని, వాటి మంచిచెడ్డలు తనకు తెలుసని వాడే వెళ్ళి, తాను నాలుగేళ్ళు తోలిన లారీనే ఎంచి మండీకి తోలుకొచ్చాడు.

గంగాధరప్ప చౌడప్పను పిలిపించాడు. పాత గుర్తులన్నీ కొట్టేసి, ఆకుపచ్చ పూసి, మూతి మీద నరసింహస్వామి పేరు రాయాలి. నేను అడ్డుపడదామనుకున్నాను. ఏమని అడ్డుపడను? అప్పటికే ఆయన రంగు డబ్బాతో గేటులోకి వచ్చేశాడు.

ఏసుదాసు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. “బాగుండావా మామా? నేనే ఇంటికి వద్దామనుకుంటాంటి. కాళ్ళు రాలేదు.” చౌడప్ప తలూపి, చేతులు విడిపించుకుని, లారీ చుట్టూ నడిచాడు. ఏది గీకాలి, ఏది పూయాలి అని పనివాడి చూపు చూసుకుంటూ డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

ఎర్ర చదరం వెలిసి ఇటుక రంగుకొచ్చింది. అంచుల్లో తుప్పు. జింక ఉంది. కానీ చుక్కలు ఆయన వేసినవి కావు, ఎవరో మళ్ళీ వేశారు. మెడలో మువ్వలు కూడా ఉన్నాయి. చౌడప్ప వేలు ఎత్తి జింక కంటి మీద పెట్టి మెల్లగా జరిపాడు. ముక్కు వైపు లావుగా మొదలై చెవి వైపుకు సన్నబడిన గీత. తిరగేసి లాగిన గీత.

“ఇది నా కన్ను కాదు” అన్నాడు.

“నీది వానలకు పాయె మామా. ఆ కొండల్లో వాన అంటే వాన కాదది. అందరి బండ్ల మింద జింకలూ కరిగిపాయె. మన వెంకటరాముడే అన్నిటికీ మల్లా ఏసినాడు. కన్నులు గూడా వాడే తెరిచినాడు.”

చౌడప్ప వేలు అక్కడే ఉంది. ఏసుదాసు ఆయన మొహం చూడలేదు, జింకనే చూస్తూ చెబుతున్నాడు.

“మొదట వాని బండికే తెరుచుకున్నాడులే. గుత్తి దాటి మొదటి మజిలీలో. సన్న కుంచె తెచ్చుకుండె, నీ డబ్బాలోది. అద్దం లేదే అంటే, బండికుండే అద్దాన్నే ఇట్ల తిప్పి జింకకు చూపించినాడు. వాని సంతోషం నువ్వు చూసింటే! మా అందరినీ లేపి చూపించినాడు మామా. ‘మా నాయన నా బండికి కన్ను ఎందుకు వదిలిపెట్టినాడో తెలుసునా? నన్నే తెరుచుకోమని. నా చేతికి ఇచ్చినాడబ్బా, మా నాయన’ అని. ఆ మాట ఎన్నితూర్లు చెప్పినాడో. తాగినప్పుడు చెప్తాండె, జ్వరం వచ్చినా చెప్తాండె.”

మండీ ముందు ఎద్దులబండ్లు దిగుతున్నాయి. హమాలీలు కేకలేసుకుంటున్నారు. నాకు అవి వినిపించీ వినిపించనట్టున్నాయి.

“నిజమేనా మామా?” ఏసుదాసు ఇప్పుడు తిరిగి చూశాడు. “వానికోసమే వదిలిపెట్టినావా?”

చౌడప్ప నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

“అవునప్పా” అన్నాడు. “వానికోసమే వదిలిపెడితి.”

అది అబద్ధమని ఆ మండీలో నా ఒక్కడికే తెలుసు. హరిశ్చంద్రుడు వచ్చి అడిగినా నేను నోరు విప్పేవాణ్ణి కాదు.

వాడు ఎట్ల పోయినాడని చౌడప్ప అడిగాడు. ఏసుదాసు చెప్పాడు. నది పొంగింది. వంతెన కొయ్యది. ముందు బండి వెంకటరాముడిది, వెనక తనది. వంతెన నడుమ విరిగి బండితో సహా నీళ్ళలోకి పోయింది. తాను బ్రేకు తొక్కి దిగేటప్పటికి పైన చక్రం కూడా కనిపించలేదు. శవం దొరకలేదు కాబట్టి కనిపించడం లేదని రాసుకున్నారు. “దారి తప్పలేదు మామా. సరిగ్గానే పోతాండె. వంతెనే మోయలేకపాయె.”

చౌడప్ప తల ఊపాడు. డబ్బా మూత తీసి పనిలోకి దిగాడు. మూతి మీది నంబరు గీకాడు, పసుపు వలయం గీకాడు, చుట్టూ ఆకుపచ్చ పూశాడు. తలుపు చివరకు వచ్చింది. జింక కాళ్ళు, ఒళ్ళు, మువ్వలు పచ్చరంగు కిందికి పోయాయి. తల మిగిలినప్పుడు ఆయన కుంచె ఆపి, “ఏసూ, ఆ అద్దం కొంచెం ఇట్ల తిప్పు” అన్నాడు. ఏసుదాసు తిప్పాడు. జింక అద్దంలో తన మొహం చూసుకుంటుండగా ఆయన కన్ను మీద రంగు పూశాడు. గంగాధరప్ప వచ్చి, పని చక్కగా ఉందని మెచ్చుకుని, స్వామి పేరు ఇంకొంచెం పెద్దగా రాయమన్నాడు. రాశాడు.

ఇద్దరం కలిసే ఇంటికి నడిచాం. హనుమంతమ్మ పెరట్లో రాగులు చెరుగుతోంది. చౌడప్ప ఆమె ఎదుట నిలబడ్డాడు.

“ఏమే, అమావాస్య ఎప్పుడు?”

ఆమె చేట దించి చూసింది.

“వెంకటరామునికి పిండం పెడదాం. పరిగి కాడ ఏటికి పోదాం. వాడు...” అని ఆగాడు. “వాడు కన్ను తెరుచుకునే పోయినాడంటనే. వాని చేత్తో వాడే...”

తర్వాత వచ్చింది మాట కాదు. నాలుగేళ్ళ కిందట పెనుకొండ మైదానంలో నోరు తెరిచినప్పుడు రానిదంతా ఇప్పుడు వచ్చింది. తెర ముందర ఊరు ఊరంతటికీ వినిపించడానికి అలవాటైన గొంతు అది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. అవతలి వీధి నుంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. ఈ పెరట్లో ఇంతకాలం ఇంత గొంతు ఉందని వాళ్ళెవరికీ తెలియదు.

మా అమ్మ చేతులు తుడుచుకుంటూ ఆయన్ను ఊరడించడానికి వెళ్ళబోయింది. హనుమంతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దక్కా” అంది. “ఏడవనీ.”